పెచ్చు ఊడిన దేవుడు

గుడి రాయికి పెచ్చు ఊడిందని ఫోన్ చేసేవాళ్లు ఒకలా మాట్లాడతారు, ఇంటి మెట్టుకు ఊడిందని చేసేవాళ్లు ఇంకోలా మాట్లాడతారు. ఇంటివాళ్లు మొదట అడిగేది "ఎంతవుతుంది మేస్త్రీ?" అని. గుడివాళ్లు రేటు సంగతి ఎప్పటికో ఎత్తుతారు. ముందు గొంతు తగ్గించి "దోషమేమీ లేదు గదా?" అంటారు. నేను రాతిపని చేసేవాణ్ణి, పురోహితుణ్ణి కాను. అయినా నన్నే అడుగుతారు. విరిగిన చోటును మొదట చేత్తో తడిమి చూసేది నేనే కాబట్టి కాబోలు. ఏళ్ల తరబడి అడిగించుకోగా అడిగించుకోగా నాకూ ఒక అభిప్రాయం స్థిరపడింది. పెద్దలు తప్పుపడితే పట్టనీ, చెప్పేస్తాను.

మాది ప్రకాశం జిల్లా. నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ మా చీమకుర్తి గనుల్లోదే. దేశదేశాల వంటగట్ల మీదికీ, హోటళ్ల నేలమీదికీ అది ఇక్కణ్ణుంచే పోతుంది. చిన్నప్పటినుంచీ రాతి దుమ్ము పీల్చి పెరిగినవాణ్ణి. తిరుపతిలో టీటీడీవాళ్లు నడిపే శిల్పవిద్యాలయంలో రాతిశిల్పం నేర్చుకున్నాను. కొంతకాలం విగ్రహాలు చెక్కాను. తర్వాత మరమ్మతుల్లోకి దిగి, అందులోనే ఉండిపోయాను. కొత్త విగ్రహం చెక్కితే ఊరంతా వచ్చి చూస్తుంది. పాతదాన్ని బాగుచేస్తే, బాగుచేసినట్టు ఎవరికీ తెలియకపోతేనే పని బాగా వచ్చినట్టు. నా స్వభావానికి ఇదే సరిపోయింది.

రాయి గట్టిది, దానికేమవుతుందని చాలామంది అనుకుంటారు. ఆరుబయట ఉన్న రాయికి శత్రువులు తక్కువేం కాదు. గుళ్లో అయితే మొదటి శత్రువు మన భక్తే. మెట్టు అంచు మీద కొబ్బరికాయ కొడతారు. ఒకే చోట ఏళ్ల తరబడి కర్పూరం వెలిగిస్తారు. గ్రానైట్‌లో ఉన్న పలుగురాయి, ఫెల్‌స్పార్, అభ్రకం వేడికి ఒకే రకంగా సాగవు. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. చివరికి పైపొర పలచగా లేస్తుంది. వెనకటి వడ్డెర్లు బండమీద మంటపెట్టి పొరలు లేపింది ఈ గుణం తెలిసే. ఆ పనిని మనం భక్తితో, నిదానంగా చేస్తున్నామంతే.

రెండోది ఇనుము. క్యూలైన్ల కోసం మెట్లకు రంధ్రాలు వేసి ఇనప గొట్టాలు దింపుతారు. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుముకంటే ఎన్నో రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బుకు మెట్టు మూల పగిలి ఊడుతుంది. ఇది మనకే వచ్చిన కష్టం కాదు. ఏథెన్సులో పార్థినాన్ పాలరాతి ముక్కలను ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో ఇనప పట్టీలతో బిగించి నిలబెట్టారు. ఆ పట్టీలు తుప్పుపట్టి రాతినే చీల్చాయి. తర్వాతి తరం వాటన్నిటినీ పీకి టైటానియం వేసుకుంటూ వస్తోంది. తమాషా ఏమిటంటే, రెండున్నర వేల ఏళ్ల కిందట కట్టిన గ్రీకులూ ఇనుమే వాడారు, కాని దాని చుట్టూ సీసం పోశారు. నీళ్లు తగల్లేదు, తుప్పు పట్టలేదు. బాగుచేయడానికి వచ్చినవాళ్లు ఆ సీసం సంగతి వదిలేశారు.

మూడోది సిమెంటు. దాని మాట తర్వాత.

పెచ్చు ఊడిన చోటును ఎలా పూడుస్తామో చెప్పాలి. దోషం గురించిన నా అభిప్రాయం ఆ పని చేస్తూ ఏర్పడిందే కాబట్టి.

ముందు చిన్న సుత్తితో చుట్టూ తట్టి వినాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల పగులుంటే డొల్లగా పలుకుతుంది. శిల్పశాస్త్రంలో రాతిని పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని నాదాన్ని బట్టి విడదీస్తారు. గంటలా మోగేది విగ్రహానికి, కంచుతాళంలా పలికేది పీఠానికి, నాదం లేనిది అడుగున పరచడానికి అంటారు. చదువుకునే రోజుల్లో ఇదంతా నమ్మకాల లెక్కలో రాసుకున్నాను. పనిలో దిగాక చూస్తే, పగులు లేని రాతిని ఏరుకోవడానికి చెవికి మించిన పరికరం ఇప్పటికీ నా సంచిలో లేదు.

తర్వాత శుభ్రం చేయడం. గుడి రాతికి ఇదే పెద్ద పని. తరాలుగా నూనె, నెయ్యి, పాలు తాగిన రాయి అది. పైన ఎంత తుడిచినా లోపల జిడ్డు ఉంటుంది. ఆ జిడ్డు మీద ఏ జిగురూ పట్టదు. ముల్తానీ మట్టిని అసిటోన్‌తో ముద్దగా కలిపి, విరిగిన చోట దట్టంగా మెత్తి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి వదిలేస్తాను. మట్టి ఆరేకొద్దీ రాతిలోని నూనెను బయటికి లాక్కుంటుంది. ఒలిచి చూస్తే తెల్లటి మట్టి లేత గోధుమరంగుకు తిరిగి ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే దీపపు కుంది వాసన. మట్టి రంగు మారడం ఆగేదాకా మళ్లీ మళ్లీ మెత్తాల్సిందే. ఆ వాసన వచ్చినప్పుడల్లా నేనొక క్షణం ఆగుతాను. ఎవరు ఎప్పుడు మొక్కుకుని పోసిన నూనెనో నేను పెళ్లగిస్తున్నాను గదా అనిపిస్తుంది. మళ్లీ పనిలో పడతాను.

ఆపైన ఎపాక్సీ. రెండు డబ్బాల్లోది చెప్పిన పాళ్లలో కలిపి, అదే రాతి పొడిని అందులో పోసి, రంగు కుదిరేదాకా చూసుకుంటాను. ఒక్క పొడి సరిపోదు. గ్రానైట్ అంటే ఒక రంగు కాదు, నాలుగైదు రంగుల గింజలు. నల్లగింజ, బూడిదగింజ, గాజులా మెరిసే పలుగుగింజ విడివిడిగా దంచి, జల్లించి పెట్టుకోవాలి. చుట్టూ టేపు అంటించి, గుంట నిండి కొంచెం పైకి వచ్చేదాకా ముద్ద నింపి, గట్టిపడ్డాక బ్లేడుతో గీసి, నీళ్ల కాగితంతో రుద్దుతాను. నీడలో ఉన్న రాయైతే ఏళ్లు గడిచినా కనిపించదు. ఎండలో ఉన్నదైతే కొన్ని వేసవులకే అతుకు పచ్చబడి నన్ను పట్టిస్తుంది. పైగా ఎండకు గ్రానైట్ సాగేదానికి ఎపాక్సీ ఐదారు రెట్లు సాగుతుంది. అందుకే ఆరుబయట పెద్ద గుంటలకు జిగురు పూడ్చను. అదే రాతి ముక్కను కొలతకు కోసి పొదుగుతాను.

ఇంత సంగతి పెచ్చు గురించి. ఇక దేవుడి గురించి.

పల్నాటి సరిహద్దుల్లో ఒక పాత చెన్నకేశవస్వామి గుడి. గోపురానికి రంగులు వేయించేటప్పుడు కట్టిన పరంజా గొట్టం జారి, ముఖమండపంలో ద్వారపాలకుడి చూపుడువేలికి తగిలింది. కుడివైపు నిలబడ్డ విజయుడు. వేలెత్తి "జాగ్రత్త" అని బెదిరిస్తున్నట్టు ఉంటుందే, ఆ వేలు. పై రెండు కణుపులూ పోయాయి. నేను వెళ్లేసరికి ఊరు రెండుగా చీలి ఉంది. విగ్రహం తీసేసి కొత్తది చెక్కించాలని కొందరు. లోపలి స్వామికి శాంతి చేయిస్తే చాలని కొందరు. ఎవరో జ్యోతిష్యుడు ఊరికి అరిష్టమని, తాను హోమం చేయిస్తానని ఖర్చుల పట్టీ కూడా పంపాడట. ప్రెసిడెంటుగారు ఆ పట్టీని నాకు చూపించారు. నా కూలి కంటే చాలా పెద్దది. భయాన్ని అమ్ముకునే వ్యాపారంలో పెట్టుబడి తక్కువ.

అర్చకులు ఎనభై దాటిన వైఖానస ఆచార్యులుగారు. కళ్లద్దాలు పైకి తోసుకుని విరిగిన వేలు చూశారు. "ఏమయ్యా ప్రెసిడెంటూ, సనకాదులు శపిస్తే వైకుంఠం నుంచి కిందపడి, మూడు జన్మలు రాక్షసులై పుట్టి, స్వామి చేతిలోనే చచ్చి తిరిగొచ్చినవాళ్లు వీళ్లు. వేలు విరిగితే తట్టుకోలేరంటావా?" అన్నారు. అందరూ నవ్వారు. ఊరి బిగువు అక్కడితో సగం సడలింది.

తర్వాత నన్ను పక్కకు పిలిచి అసలు మాట చెప్పారు. "నాయనా, మూలవిరాట్టుకు తలో, చేయో, కాలో పోతే మాట వేరు. అది మహాంగం. వేలికొస, ఆయుధం, ఆభరణం అంచు పోతే బాగుచేసుకోవచ్చు. ఇతను ద్వారం దగ్గర నిలబడ్డవాడు. అతికించు. మిగతాది నేను చూసుకుంటా."

గ్రంథాల్లో మాట కొంచెం అటూ ఇటూగా ఉన్నా అన్నిటి సారమూ ఇదే. పెద్ద అంగం పోతే విడిచిపెట్టడం, చిన్నది పోతే సరిచేసుకోవడం. అగ్నిపురాణంలో జీర్ణోద్ధారణకు విడిగా ఒక అధ్యాయమే ఉంది. పనికిరాకుండా పోయిన రాతి విగ్రహాన్ని నీళ్లలో, కొయ్యదాన్ని అగ్నిలో వదలమంటుంది. 2020 డిసెంబరులో విజయనగరం జిల్లా రామతీర్థం కొండమీద కోదండరాముడి తల ఎవరో వేరుచేసినప్పుడు దాన్ని అతికించలేదు. తిరుపతిలో కొత్త విగ్రహాలు చెక్కించి, 2021 జనవరిలో బాలాలయంలో, అంటే తాత్కాలిక గుడిలో, ప్రతిష్ఠ చేశారు. శాస్త్రప్రకారం అది సరి. ఒక చేతిపనివాడిగా కూడా నేను అదే చెబుతాను. మెడ దగ్గర తెగిన రాతిని ఉక్కు కడ్డీ వేసి నిలబెట్టవచ్చు, కాని రోజూ అభిషేకాలు, వస్త్రాలు, పూలదండల బరువు మోసే విగ్రహానికి ఆ అతుకును నమ్మకూడదు.

అయితే అదే శాస్త్రం ఒక తలుపు తెరిచి ఉంచింది. స్వయంభువులకు ఈ నియమం లేదు. అమరావతిలో అమరేశ్వరుడి లింగం పెరిగిపోతుంటే తలమీద మేకు కొట్టారనీ, నెత్తురు కారిందనీ, ఆ ఎర్రటి మచ్చ ఇప్పటికీ ఉందనీ స్థలపురాణం చెబుతుంది. గాయాన్ని దాచకపోగా అర్చకులు దాన్ని చూపించి కథ చెబుతారు. పంచారామాల్లో ఒకటి, కార్తీకంలో కాలుపెట్టే చోటు ఉండదు. అక్కడ ఎవరూ దోషమా అని అడగరు.

పూరీ జగన్నాథుడు ఇంకా విచిత్రం. పూర్తి చేతులు లేవు, పాదాలు లేవు. శిల్పశాస్త్రం కొలబద్ద పెడితే ఆయన మొదటి పరీక్షలోనే తప్పుతాడు. మా శ్రీకాకుళం మిత్రులకు ఆయన పరిపూర్ణుడు. పైగా కొయ్య పాతబడితే కొత్త కొయ్యలోకి మారతాడు. 1996లో మారాడు, 2015లో మారాడు. పాత దేహాలను గుడి ఆవరణలోనే భూమిలో పెడతారు. తెలంగాణ పల్లెల్లో బొడ్రాయి సంగతి చూడండి. ముక్కూ చెవులూ లేని రాయి. పసుపు పూసి బొట్టుపెడితే ఊరికి నాభి. దానికి పెచ్చు ఊడిందని ఏ బొడ్రాయి ఊరివాళ్లూ నాకు ఇంతవరకూ ఫోన్ చేయలేదు. ఊడకుండా ఉంటుందా? ఊడుతుంది. వాళ్ల కళ్లకు అది లోపంగా కనిపించదు.

అంటే విరగడం అనేది రాతిలో లేదు. మనం ఆ రాతిమీద ఏ రూపాన్ని చూస్తున్నామో, ఆ రూపానికి తగిలిన దెబ్బ అది. చెక్కడం కూడా పెచ్చులు ఊడగొట్టడమే గదా. ఉలి కింద ఊడితే శిల్పం, పరంజా గొట్టం కింద ఊడితే అరిష్టం. రాతికి రెండింటికీ తేడా తెలియదు. తేడా మన ఉద్దేశంలో ఉంది. ఈ మాట అంటే నన్ను నాస్తికుడన్నారు ఒకరిద్దరు. కాదు. ఆగమమే ఈ మాట నాకంటే గట్టిగా చెబుతోంది.

ఎలాగంటారా? తిరుమలలో పన్నెండేళ్లకోసారి అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ చేస్తారు. 2018 ఆగస్టులో జరిగింది. అందులో ముందు చేసేది కళాకర్షణ. మూర్తిలో ఉన్న కళను, అంటే దైవశక్తిని, కుంభంలోని నీటిలోకి ఆవాహన చేసి, ఆ కుంభాన్ని బాలాలయంలో పెడతారు. పూజలన్నీ అక్కడ. అప్పుడు గర్భగుడిలో మరమ్మతులు చేస్తారు. పని అయ్యాక కళను తిరిగి మూర్తిలోకి తెస్తారు. ఇల్లు బాగుచేయించుకునేటప్పుడు పక్కవీధిలో అద్దెకు దిగినట్టు స్వామి కొద్దిరోజులు పక్కగదిలో ఉంటాడన్నమాట. ఇంత పెద్ద ఏర్పాటు ఉందంటేనే అర్థం కావాలి. రావడం, పోవడం దేవుడి చేతిలో ఉన్నాయి, పిలిచేవాడి మంత్రంలో ఉన్నాయి. రాతి గట్టిదనంలో లేవు. రాయి పగిలితే దేవుడు పగిలిపోయేటట్టయితే కళాకర్షణ అనే తంతుకు చోటే లేదు.

ఇంకో సంగతి. ఆ పన్నెండేళ్ల లెక్క ఎక్కడిది? విగ్రహాన్ని పీఠానికి పట్టించే అష్టబంధనం అంతకాలమే ఉంటుంది కాబట్టి. లక్క, గుగ్గిలం, తేనెమైనం, కావిరాయి, వెన్న లాంటి ఎనిమిది సరుకులు కలిపి దంచుతారు. పాళ్లు, పేర్లు ఒక్కో సంప్రదాయంలో ఒక్కో రకం. దంచడం మాత్రం అన్నిచోట్లా ఒకటే, చేతులు పడిపోయేదాకా. మెత్తగా సాగే ముద్ద అవుతుంది. పీఠం సందుల్లో కూరితే బిగుసుకుని నీళ్లు దిగకుండా ఆపుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎండి, పగిలి, మళ్లీ వేయమని అడుగుతుంది.

గట్టి జిగురు తెలియక ఇది వాడారనుకోవద్దు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపం వంటకం రాశాడు. పచ్చి తుమికికాయలు, వెలగకాయలు, బూరుగు పూలు, వస వగైరాలు నీళ్లలో వేసి ఎనిమిదో వంతు మిగిలేదాకా కాచి, అందులో గుగ్గిలం, నల్లజీడి, అవిసె, మారేడు లాంటివి కలిపి, వేడివేడిగా గుడి గోడలకూ, లింగాలకూ, విగ్రహాలకూ, బావులకూ పూయమన్నాడు. కోటి ఏళ్లు ఉంటుందని హామీ కూడా ఇచ్చాడు. నాకు ఎపాక్సీ అమ్మే ఒంగోలు దుకాణదారు పదేళ్లకు కూడా కాగితం రాసివ్వడు.

కోటి ఏళ్ల లేపం పుస్తకంలో ఉండగానే గర్భగుడిలో మూర్తి కింద పెట్టడానికి పన్నెండేళ్ల ముద్దనే పెద్దలు ఎంచుకున్నారు. ఎందుకు? నాకు తెలిసిన జవాబు రాతిపనివాడి జవాబే. అతుకు ఎప్పుడూ రాతికంటే మెత్తగా ఉండాలి. కదలిక వచ్చినా, చెమ్మ వచ్చినా ముందు అతుకు పోవాలి, రాయి నిలవాలి. పోయిన అతుకును మళ్లీ వేసుకోవచ్చు. పోయిన రాయిని తేలేం. పాత గుళ్లలో సున్నం గచ్చు చేసింది ఈ పనే. చెమ్మ దానిగుండా బయటికి పోయేది, ఉప్పు దానిలోనే పేరుకునేది, అరిగినప్పుడు మళ్లీ పూసేవాళ్లు. మన కాలంవాళ్లం వచ్చి ఆ సందుల్లో సిమెంటు కూరాం. చెమ్మకు దారి మూసుకుపోయింది. సిమెంటులోని ఉప్పులు రాతిలోకి దిగాయి. ఇసుకరాయి, సున్నపురాయి లాంటి మెత్తని రాతిలో సిమెంటు చెక్కుచెదరకుండా గర్వంగా నిలబడుతుంది, దాని పక్కనున్న శిల్పం పొడిపొడిగా రాలుతుంది. అలంపురం వైపు ఎర్ర ఇసుకరాతి మీద ఎవరైనా సిమెంటు పూస్తుంటే చేయి పట్టుకుని ఆపాలనిపిస్తుంది.

ఇందులో తత్త్వం ఉందని నేను నమ్ముతాను. పన్నెండేళ్లకు పోయే బంధనం పెట్టినవాడు తన తర్వాత ఇంకొకడు వస్తాడని నమ్మాడు. తాను పెట్టినది శాశ్వతం కావాలని కోరలేదు. తన మనవడి చేతికి పని మిగిల్చాడు. గుడి రాతిలో నిలవలేదు, తర్వాతివాణ్ణి రమ్మనే ఆ పిలుపులో నిలిచింది. ఇక మరమ్మతు చేయాల్సి రావడాన్ని దోషం అని ఎలా అంటాం? అది ఆరాధనలో ముందే రాసిపెట్టిన భాగం.

అయితే ఎక్కడిదాకా బాగుచేయాలి? ఇక్కడ నాకూ ఆచార్యులుగారికీ కొంచెం తేడా ఉంది. ఆయనకు గుడి అంటే ఈ పూట నైవేద్యం. నాకు దానితోబాటు చెక్కినవాడి చేయి కూడా ముఖ్యం. హంపీలో శ్రీకృష్ణదేవరాయలు 1528లో ఒకే బండలో చెక్కించిన నరసింహుణ్ణి చూసినవాళ్లకు నా బాధ తెలుస్తుంది. ఇరవై అడుగులు దాటిన మూర్తి. 1565 తర్వాతి విధ్వంసంలో చేతులు పోయాయి, తొడమీది లక్ష్మి పోయింది. మోకాళ్లను కలుపుతూ ఉండే యోగపట్టాన్ని 1980ల్లో పురావస్తు శాఖవాళ్లు కొత్త రాతితో అమర్చారు. తక్కినవి అలాగే వదిలారు. చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లి చూడండి. స్వామి వీపు మీద చిన్న చేయి ఒకటి ఉంది, ఉంగరాలు తొడిగిన వేళ్లతో. అమ్మవారు లేరు. ఆమె కౌగిలించుకున్న చేయి ఉంది. మళ్లీ లక్ష్మిని చెక్కి అక్కడ కూర్చోబెట్టమని నాకు కోటి రూపాయలిచ్చినా చేయను. ఆమె ముఖం ఎలా ఉండేదో ఎవరికి తెలుసు? నేను చెక్కితే అది నా లక్ష్మి అవుతుంది, ఆ చేయి ఆమెది కాకుండా పోతుంది. 1964లో వెనిస్‌లో కూర్చుని దేశాల నిపుణులు రాసుకున్న ఒడంబడికలోనూ ఈ సంగతే ఉంది. ఊహ మొదలయ్యే చోట మరమ్మతు ఆగాలి, కొత్తగా చేర్చినది పాతదానితో కలిసిపోవాలి గాని పరిశీలిస్తే వేరని తెలియాలి అని.

ఆ నరసింహుడికి పూజ లేదు. పక్కనే నీళ్లలో నిలబడ్డ బడవిలింగానికి పూజ జరుగుతోంది. రెంటి మధ్యా పట్టుమని నాలుగడుగుల దూరం. మనవాళ్లు ఈ రెంటినీ కలిపి దర్శనం చేసుకుని ఇద్దరికీ దణ్ణం పెడతారు. పూజ ఉన్న రాతికీ లేని రాతికీ నియమాలు వేరు కావచ్చు, దణ్ణానికి ఆ నియమం పట్టలేదు.

అందుకే నా పద్ధతి ఇది. పూజలో ఉన్న మూర్తి అయితే అర్చకులు చెప్పినట్టు చేస్తాను, అంగం పూర్తిగా కుదిరేటట్టు. స్తంభం మీది నర్తకికో, గోడమీది ఏనుగుకో ముక్కు పోతే ముట్టుకోను. ఇంకా రాలకుండా అంచు బిగిస్తాను, అంతే. ఇక రంగులు. విరిగిన చోటు సిమెంటుతో దిద్ది, దాని మీద ఎనామిల్ రంగు పూసి, కనుబొమలు దిద్ది, పెదాలకు ఎరుపు రాసే పని నేను చేయను. ఆ మాట మొహాన చెప్పి కొన్ని బేరాలు పోగొట్టుకున్నాను. విచారం లేదు.

మెట్ల విషయంలోనూ నాది కొంచెం మొండివాదం. కొబ్బరికాయ దెబ్బకు, తుప్పుకు ఊడిన అంచు ప్రమాదం, కాలు తగిలి పడతారు. అది పూడ్చాలి. నడిచి నడిచి మధ్యలో గుంటలు పడ్డ మెట్టు ఉంటుంది చూడండి, దాన్ని నింపి చదును చేయమంటే నేను ఒప్పుకోను. వానకు జారే నునుపు వస్తే ఉలితో సన్నగా గాట్లు పెడతాను గాని గుంట పూడ్చను. ఆ గుంట కూడా ఒక శిల్పమే, ఎంతోమంది కలిసి చెక్కింది. రాతిపూజను వేమన ఎంత ఎద్దేవా చేశాడో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మనసు లేని పూజను ఆయన తిట్టాడు, న్యాయమే. అరిగిన మెట్టును చూస్తే మాత్రం అంతమంది మనసు లేకుండానే ఎక్కారని నేననుకోలేను.

విజయుడి వేలు సంగతి చెప్పి ముగిస్తాను. విరిగిన ముక్క లేకపోతే కొత్తది చెక్కి పొదగాలి, రాయి కుదరడమే కష్టం. అదే దిగులుతో మండపం అంతా వెతుకుతుంటే, గుడి ఊడ్చే అవ్వ వంటశాల గూట్లోంచి పసుపుగుడ్డ మూట తెచ్చింది. అందులో రెండు కణుపులూ ఉన్నాయి, గోటితో సహా. "పారెయ్యబుద్ధి కాలేదు నాయనా. ఎవరిదైనా వేలు వేలే గదా" అంది. అంతమంది పెద్దలు అరిష్టం గురించి కొట్లాడుకుంటుంటే, ఆ పరంజా పడిన రోజే ఆమె చీపురు ఆపి ముక్కలు ఏరింది. ఆచార్యులుగారు ఆ మూటను రెండు చేతులా అందుకున్నారు.

వజ్రపు మొన ఉన్న డ్రిల్లుతో రెండువైపులా సన్నని రంధ్రం తీసి, తుప్పుపట్టని ఉక్కు సూది దించి, పలచటి ఎపాక్సీ రాసి కలిపాను. అసలు ముక్కే కాబట్టి గింజకు గింజ కుదిరింది. అతుకు దగ్గర వెంట్రుకంత గీత ఉంది. దాన్ని రాతిపొడితో మూసేయగలను. మూయలేదు. ఆచార్యులుగారు అడిగితే, దగ్గరికొచ్చి చూసేవాడికి తెలియాలి స్వామీ అన్నాను. ఆయన కాసేపు చూసి, సరే అని కలశం తెప్పించారు. సంప్రోక్షణ అయ్యాక ప్రెసిడెంటుగారు జ్యోతిష్యుడి పట్టీని చింపేశారు. నా కూలి మాత్రం రెండు విడతల్లో ఇచ్చారు.

కాబట్టి మీ ఊరి గుళ్లో ఎక్కడైనా పెచ్చు ఊడితే భయపడి పట్టీలు రాయించుకోకండి. ముందు కింద వెతకండి. దొరికిన ముక్కలన్నీ, గోరంతవైనా సరే, గుడ్డలో కట్టి, ఎక్కడివో కాగితం మీద రాసి లోపల పెట్టండి. విరిగిన చోటు నూనె, పసుపు పూయకుండా వదిలేయండి. అర్చకుణ్ణి అడగండి, ఆ తర్వాత రాతిపని తెలిసినవాణ్ణి పిలవండి. అతను వచ్చేదాకా సిమెంటు బస్తా మాత్రం విప్పకండి.